ప్యాకెట్ లాస్‌ను పదికాలాల పాటు కాపాడుకోవడం ఎలా?

ఆఫీసులో రెండు నెట్‌వర్కులు ఉంటాయి. ఒకటి అందరూ వాడేది. అది ఐదు నిమిషాలు ఆగితే చాలు, ఎండీ గారి నుంచి ఆఫీస్ బాయ్ దాకా అందరికీ మీ పేరు తెలిసిపోతుంది. రెండోది బ్యాకప్ నెట్‌వర్క్. ప్రతి సర్వర్‌కూ వెనకవైపు రెండో పోర్టు చూసి, విడిగా ఒక స్విచ్‌కు తగిలించి, రాత్రిపూట డేటా అంతటినీ స్టోరేజీకి తోలే దారి. ఇది నెల రోజులు కుంటుకుంటూ నడిచినా ఎవరికీ పట్టదు. ప్యాకెట్ లాస్ కాపురం పెట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు.

అందులోనూ వచ్చిపోయే రకం ప్యాకెట్ లాస్ మేలైన సరుకు. లింకు పూర్తిగా తెగితే ఎవడో ఒకడు పది నిమిషాల్లో కేబుల్ మార్చేసి చేతులు దులుపుకుంటాడు. వచ్చిపోయేదైతే చూసేవాడు వచ్చేసరికి ఉండదు, వాడు వెళ్లాక వస్తుంది. దాని పేరు చెప్పి మీటింగులు పెట్టొచ్చు, కొత్త స్విచ్‌కు బడ్జెట్ అడగొచ్చు, ఆదివారం డ్యూటీకి కాంప్ ఆఫ్ రాయించుకోవచ్చు. కాకపోతే దీనికో బలహీనత ఉంది. ఎంత దొంగచాటుగా వచ్చినా ఎక్కడో ఒకచోట జాడ వదిలే వెళ్తుంది: స్విచ్ పోర్టు కౌంటర్‌లో ఒక అంకె, లాగ్‌లో ఒక లైను, సర్వర్‌లో మళ్లీ పంపిన ప్యాకెట్ల లెక్క. ఆ జాడను ఎవరి కంటా పడనివ్వకపోవడమే మన పని. కింది చిట్కాలన్నీ ఆ ఒక్క సూత్రం మీద నడిచేవే. నిష్ఠగా పాటిస్తే మీ రిటైర్మెంటు దాకా ఢోకా ఉండదు.

1. ముందు రీస్టార్ట్, తర్వాతే ఆలోచన

బ్యాకప్ జాబ్ ఫెయిలైందని తెలియగానే స్విచ్ పవర్ తీసి పెట్టండి. ఏ పోర్టులో ఎన్ని సీఆర్‌సీ ఎర్రర్లు (చెడి వచ్చిన ఫ్రేములు) ఉన్నాయి, ఎన్ని ప్యాకెట్లు బయటికి వెళ్లలేక డ్రాప్ అయ్యాయి, లింకు ఎన్నిసార్లు పడిలేచింది, అన్నీ ఒక్క దెబ్బతో గంగలో కలుస్తాయి. స్విచ్ తన మెమరీలో దాచుకున్న లాగ్ కూడా వాటితోనే పోతుంది. ఆ లాగ్‌ను వేరే సర్వర్‌కు పంపేలా పాతకాలపు ఉద్యోగి ఎవరైనా సిస్‌లాగ్ పెట్టి ఉంటే ముందు అది తీసేయండి.

టైమ్ సంగతి కూడా చూసుకోవాలి. బ్యాకప్ స్విచ్‌కు టైమ్ సరిచేసే ఎన్‌టీపీ పెట్టొద్దు. పాత సిస్కో స్విచ్‌లకు టైమ్ ఎవరూ చెప్పకపోతే, అవి లేచిన క్షణాన్ని 1993 మార్చి 1గా లెక్కేసుకుంటాయి. మీ జాబ్ నిన్న రాత్రి 1:10కి ఆగింది. స్విచ్ లాగ్ ప్రకారం పోర్టు 1993 మార్చి 6న పడిలేచింది. ఈ రెంటినీ జతకలిపే ఓపిక ఏ ఆడిటర్‌కూ ఉండదు.

కొందరు చాదస్తులు రీస్టార్ట్‌కు ముందు కౌంటర్లన్నీ ఒక ఫైల్‌లోకి కాపీ చేసుకుంటారు. పది నిమిషాలాగి మళ్లీ తీస్తారు. పోర్టులో 48,000 సీఆర్‌సీ ఎర్రర్లు ఉన్నాయంటే దానివల్ల తేలేదేమీ లేదు, అవి పోయినేడాదివి కావచ్చు. ఒంటిగంటకు 48,000 ఉన్నది 1:10కల్లా 48,900 అయిందంటే మాత్రం దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు. రెండుసార్లు చూస్తే దొరికిపోతుంది కాబట్టి ఒక్కసారే చూడండి.

2. నాలుగు పింగ్‌లు కొట్టి తీర్పు చెప్పేయండి

1983 డిసెంబరులో మైక్ మ్యూస్ పింగ్ ప్రోగ్రాం రాసింది నెట్‌వర్క్ తిక్క చేష్టలను పట్టుకోవడానికి. మనం దాన్ని నెట్‌వర్క్‌కు సత్ప్రవర్తన సర్టిఫికెట్ ఇవ్వడానికి వాడుకుందాం. విండోస్‌లో పింగ్ కొడితే నాలుగే ప్యాకెట్లు వెళ్తాయి. నూటికొకటి పోతున్న లింకులో సైతం ఆ నాలుగూ క్షేమంగా తిరిగొచ్చే అవకాశం 96 శాతం. "పంపినవి నాలుగు, వచ్చినవి నాలుగు, లాస్ సున్నా" అన్న స్క్రీన్‌షాట్ టికెట్‌కు తగిలించారంటే ఇక బ్రహ్మదేవుడు కూడా మిమ్మల్ని తప్పుపట్టలేడు.

సైజు మార్చొద్దు. విండోస్ పింగ్ మోసేది 32 బైట్లు. హెడర్లన్నీ కలుపుకుని తీగ మీదికొచ్చేసరికి 78 బైట్ల ఫ్రేము. బ్యాకప్ పంపేది 1518 బైట్ల ఫ్రేములు. నాసిరకం కేబుల్‌లో అక్కడొక బిట్టూ ఇక్కడొక బిట్టూ చెడుతుంటే, పెద్ద ఫ్రేము దెబ్బతినే అవకాశం చిన్నదాని కన్నా దాదాపు ఇరవై రెట్లు. చెడిన ఫ్రేమును స్విచ్ సీఆర్‌సీలో పట్టుకుని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. బుల్లి పింగ్ మాత్రం సందుల్లోంచి దూరి వచ్చేస్తుంది.

మరి పింగ్ ఎప్పుడు కొట్టాలి? పగలు పదకొండింటికి, టీ తాగొచ్చాక. బ్యాకప్ నడిచేది రాత్రి కాబట్టి పగలు లైను ఖాళీగా, హాయిగా ఉంటుంది. రాత్రి ఒంటిగంటకు, జాబ్ నడుస్తుండగా, పెద్ద సైజుతో, వేల సంఖ్యలో పింగ్‌లు పంపాడంటే వాడు మన మనిషి కాడు. ఐపెర్ఫ్ టూల్ పెట్టి వెళ్లే దిక్కును, వచ్చే దిక్కును విడివిడిగా కొలిచేవాడు మరీ ప్రమాదకారి. పింగ్ పోయిందంటే పోతూ పోయిందో వస్తూ పోయిందో తెలియదు. ఐపెర్ఫ్‌తో అది కాస్తా బయటపడుతుంది.

జంబో ఫ్రేముల మీద మోజుంటే సర్వర్లోనూ స్టోరేజీలోనూ ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెట్టి, మధ్యనున్న స్విచ్‌ల్లో ఒకదాన్ని 1500 దగ్గరే వదిలేయండి. లాగిన్ అవుతుంది, ఫైళ్ల జాబితా వస్తుంది, అసలు డేటా కదిలే వేళకు జాబ్ కొయ్యబారిపోతుంది. చిన్నవి దాటుతాయి, పెద్దవి దాటవు. రెండు దారులుండి, ఒకదానిలోనే ఆ స్విచ్ ఉంటే వచ్చిపోయే జబ్బు మీ చేత్తో మీరే తయారు చేసినట్టు. ముక్కలు చేయొద్దన్న గుర్తుతో 8972 బైట్ల పింగ్ ఒక్కటి కొడితే ఈ గుట్టు రట్టవుతుంది. ఆ అంకె ఎవరికీ చెప్పకండి.

3. ఒక్క శాతాన్ని చిన్నచూపు చూడండి

"నూటికి తొంభై తొమ్మిది చేరుతున్నాయి కదా, ఇంకేం కావాలి?" ఈ మాట మీటింగులో ధీమాగా అనండి. లెక్క తెలిసినవాడు గదిలో లేకపోతే చెల్లిపోతుంది.

ఆ లెక్క ఏమిటో మీరొక్కరు తెలుసుకుని ఉంచుకోండి. ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని టీసీపీ అనుకుంటుంది. వెంటనే వేగం తగ్గించి, మళ్లీ మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతుంది. పెంచేలోపు ఇంకొకటి పోతుంది. వేగం ఎంత పడిపోతుందో 1997లో మాథిస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక సూత్రంగా కట్టారు. హైదరాబాద్ నుంచి ఇంకో ఊళ్లోని డీఆర్ సైట్‌కు (విపత్తు వేళ ఆదుకునే చోటుకు) 1 గిగాబిట్ లింకు, రానూపోనూ 20 మిల్లీసెకన్లు అనుకుందాం. ఒక్క శాతం లాస్ ఉంటే, సంప్రదాయ టీసీపీలో ఒక్కో కనెక్షన్‌కు దక్కేది సుమారు 7 మెగాబిట్లు. లాస్ లేకపోతే ఒక టెరాబైట్ రెండుంపావు గంటల్లో వెళ్లాలి. ఈ వేగంతో 13 రోజులు పడుతుంది. అంటే పోయింది ఒక్క శాతం ప్యాకెట్లే కానీ వేగం 99 శాతం పైగా పోయింది.

అమెరికాలో పరిశోధన సంస్థలను కలిపే ఈఎస్‌నెట్ వాళ్లు ఒక రౌటర్ కార్డు కథ చెబుతారు. అది 22,000 ప్యాకెట్లకు ఒకటి చొప్పున పారేసేది. శాతంలో 0.0046. దూరపు కనెక్షన్ల వేగం కుప్పకూలడానికి అంత మాత్రం చాలింది. మన డ్యాష్‌బోర్డు దాన్ని సున్నా అని చూపిస్తుంది, మనం ఒప్పేసుకుంటాం.

4. సగటే సత్యం

మానిటరింగ్ టూల్ ఐదు నిమిషాలకోసారి కౌంటర్ చదివి సగటు గీత గీస్తుంది. పోర్టు 30 సెకన్లు నిండా మునిగి, మిగతా నాలుగున్నర నిమిషాలు ఖాళీగా ఉంటే గ్రాఫ్‌లో పడేది 10 శాతం. విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌ప్లాజాలో ఏడాది పొడుగునా సగటు తీస్తే రద్దీ అన్నమాటే ఉండదు. భోగికి ముందురోజు విజయవాడ బయలుదేరినవాణ్ణి అడిగితే తెలుస్తుంది. స్విచ్ బఫర్ నిండి ప్యాకెట్లు ఒలికిపోవడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. ఐదు నిమిషాల గీతలో అవి ఎక్కడ కనిపిస్తాయి?

ఇంకా భరోసా కావాలంటే పాత 32 బిట్ల కౌంటర్లనే చదవమనండి. 1 గిగాబిట్ పోర్టు నిండుగా పారితే ఆ కౌంటర్ 34 సెకన్లకే నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఐదు నిమిషాలకోసారి చదివేవాడికి అది ఎన్ని చుట్లు తిరిగిందో ఏం తెలుస్తుంది? వచ్చిన గీతకు మీకు నచ్చిన అర్థం చెప్పుకోవచ్చు. ఎవరైనా 64 బిట్ల కౌంటర్లకు మారదామన్నా, డ్రాప్‌ల కౌంటర్‌కు కూడా గ్రాఫ్ వేద్దామన్నా "లైసెన్సు ఖర్చు పెరుగుతుంది" అనండి. పెరగకపోయినా అనండి.

5. అన్ని జాబులకూ ముహూర్తం రాత్రి పది

నలభై సర్వర్లుంటే నలభై జాబులూ సరిగ్గా పది గంటలకే లేవాలి. నలభై గిగాబిట్ పోర్టుల నీళ్లు ఒకే పది గిగాబిట్ పోర్టులోకి ఉరుకుతాయి. బఫర్ పట్టినంత పడుతుంది, తక్కింది నేలపాలు. కేబుల్ మంచిదే, కార్డు మంచిదే, సీఆర్‌సీ ఎర్రర్ ఒక్కటీ ఉండదు. అందుకే దీన్ని ఏళ్ల తరబడి కేబుల్ జబ్బుగానే వైద్యం చేయొచ్చు.

ఫెయిలైన జాబు వెంటనే మళ్లీ లేచేలా రీట్రై పెట్టండి, విరామం తగ్గించండి. పోయినవన్నీ మళ్లీ అదే ఇరుకులోకి వచ్చి పడతాయి. దీనికి ఘనమైన చరిత్రే ఉంది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, 400 గజాల దూరంలోని యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. వేలల్లో కాదు, అక్షరాలా నలభై. పోయిన ప్యాకెట్లను అప్పటి టీసీపీ ఆగకుండా మళ్లీ మళ్లీ పంపడమే కారణం. ఆ ల్యాబ్‌లోనే పనిచేసే వాన్ జేకబ్‌సన్ కూర్చుని, రద్దీ కనిపిస్తే టీసీపీ వెనక్కి తగ్గేలా చేశాడు. ఆయన దాదాపు నలభై ఏళ్ల కింద సరిచేసినదాన్ని మన షెడ్యూలర్ ఒక్క టిక్ మార్కుతో చెడగొట్టగలదు. జాబులను పావుగంటకు కొన్ని చొప్పున విడగొడితే ఖర్చు లేకుండా సగం జబ్బు పోతుంది. అది మాత్రం ఎవరినీ చేయనివ్వొద్దు.

6. స్పీడు, డ్యూప్లెక్స్ మీ చేత్తో పెట్టండి, ఒక్క వైపే

మొత్తం చిట్కాల్లో నాకు ప్రీతిపాత్రమైనది ఇదే. బ్యాకప్ నెట్‌వర్క్‌కు ఎప్పుడూ పాత సామానే ఇస్తారు కాబట్టి 100 మెగాబిట్ పోర్టు ఎక్కడో ఒకటి దొరుకుతుంది: పాత నాస్ పెట్టె, మీడియా కన్వర్టర్, టేప్ లైబ్రరీ మేనేజ్‌మెంట్ పోర్టు. స్విచ్ వైపు "100, ఫుల్" అని చేత్తో బిగించండి. అటువైపు ఆటోలోనే వదిలేయండి.

ఏం జరుగుతుందంటే, ఆటో వైపు "నీ సంగతేంటి?" అని అడుగుతుంది. చేత్తో బిగించినవాడు జవాబివ్వడు. సిగ్నల్ చూసి వేగం 100 అని ఆటో కనిపెట్టగలదు గానీ డ్యూప్లెక్స్ కనిపెట్టలేదు. తెలియనప్పుడు హాఫ్ అనుకోవాలన్నది ప్రమాణం, అలాగే అనుకుంటుంది. ఇప్పుడు ఫుల్ వైపువాడు ఎప్పుడంటే అప్పుడు మాట్లాడతాడు. హాఫ్ వైపువాడు ఎదుటివాడు ఆగితేగానీ నోరు విప్పడు, తాను మాట్లాడుతుండగా అవతలి గొంతు వినబడితే ఢీకొన్నామనుకుని మాట మధ్యలో ఆపేస్తాడు.

లింకు లైటు పచ్చగా వెలుగుతుంది. పింగ్ వస్తుంది, ఎందుకంటే ఒకరి తర్వాత ఒకరే మాట్లాడుతున్నారు. రాత్రి బరువు పడి, ఇటు నుంచి డేటా, అటు నుంచి రసీదులు ఒకేసారి బయలుదేరాయో, అప్పుడు మొదలవుతుంది తమాషా. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు పెరుగుతాయి. ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు, అరకొర ఫ్రేములు పెరుగుతాయి. ఒకే జబ్బుకు రెండు చివర్లా రెండు పేర్లు. రెండు వైపులా ఒకేసారి చూసినవాడికి తప్ప అంతుపట్టదు. సీఆర్‌సీ చూసి కేబుల్ మారుస్తారు, తగ్గదు. మళ్లీ మారుస్తారు.

గిగాబిట్ రాగి తీగల్లో ఈ ఆట సాగదు, అక్కడ ఆటో నెగోషియేషన్ తప్పనిసరి. కానీ నిరాశ పడనక్కర్లేదు. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. ఒక్క తీగ తెగితే చాలా కార్డులు కిక్కురుమనకుండా 100కు దిగిపోతాయి. పోర్టు పక్కనున్న లైటు రంగు మారుతుంది. ఆ రంగుకు అర్థం చెప్పే చీటీ స్విచ్ అట్టపెట్టెలో ఉంటుంది. అట్టపెట్టెను ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేశాం.

7. ఎర్రగా కనిపించిన లైనే దొంగ

ఎంటీఆర్ టూల్ కొట్టగానే దారిలోని ఒక్కో మజిలీ, అక్కడి లాస్ వరసగా వస్తాయి. మధ్యలో నాలుగో మజిలీ దగ్గర 60 శాతం అని కనబడిందనుకోండి. దాన్ని ఎర్ర పెన్నుతో చుట్టి, ప్రొవైడర్‌కు మెయిల్ పెట్టి, పై అధికారులందరినీ సీసీలో చేర్చండి.

కింద ఐదు, ఆరు, ఏడో మజిలీల దగ్గర లాస్ సున్నా అని ఉన్నా చదవొద్దు. నాలుగో గడపలో నిజంగానే 60 శాతం పోతుంటే ఏడో గడపకు అన్నీ ఎలా చేరుతున్నాయన్న ప్రశ్న వేసుకోవద్దు. ఆ రౌటర్ మన ప్యాకెట్లను దాటించడంలో లోపమేమీ లేదు, పలకరింపులకు జవాబు చెప్పడమే తగ్గించింది, అంతే. లాస్ ఏ మజిలీ దగ్గర మొదలై చివరిదాకా అలాగే కొనసాగుతుందో అక్కడ చూడాలంటారు తెలిసినవాళ్లు. వాళ్లను సీసీలో పెట్టకండి.

8. ఒకే రాత్రి అన్నీ మార్చేయండి

కేబుల్, పోర్టు, ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ తగిలించే మాడ్యూల్), నెట్‌వర్క్ కార్డు డ్రైవర్, స్విచ్ ఫర్మ్‌వేర్, బ్యాకప్ ఏజెంట్ వెర్షన్. అన్నీ ఒకే మెయింటెనెన్స్ విండోలో మార్చాలి. తగ్గితే దేనివల్ల తగ్గిందో తెలియదు, తగ్గకపోతే కొత్తగా ఏది చెడిందో తెలియదు. రెండు విధాలా మనకే లాభం.

తీసిన కేబుల్‌ను కత్తిరించి పారేయకండి. చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, స్టోర్ సొరుగులో మంచి కేబుళ్ల పక్కనే పెట్టండి. చీటీ అంటించొద్దు. ఆర్నెల్లకు కొత్త సర్వర్ వస్తుంది, అర్జెంటుగా రెండు మీటర్ల ప్యాచ్ కార్డ్ కావాలి, చేతికి మొదట అందేది అదే. జబ్బు ఇల్లు మారుతుంది గానీ ఊరు వదలదు.

9. నాలుగు సర్వర్లకే వస్తుంటే ఆ నాలుగింటినీ తిట్టండి

రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలను కలిపి ఒక బాండ్‌గా కడతారు. ఏ ప్యాకెట్ ఏ తీగ ఎక్కాలన్నది అడ్రసుల మీద లెక్క వేసి స్విచ్ నిర్ణయిస్తుంది. ఫలానా సర్వర్ నుంచి ఫలానా స్టోరేజీకి వెళ్లేవి ఎప్పుడూ ఒకే తీగ మీద వెళ్తాయి. రెండో తీగ మాత్రమే చెడిందనుకోండి. సగం సర్వర్లకు బ్రహ్మాండంగా నడుస్తుంది, సగానికి నడవదు. మీ ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొడితే మొదటి తీగ మీద పడుతుంది, బాగుంటుంది.

ఇప్పుడు నడవని సర్వర్ల మీద పడండి. ఏజెంట్ తీసి మళ్లీ వేయండి, యాంటీవైరస్ ఆపండి, చివరికి ఓఎస్ కొత్తగా ఎక్కించండి. లెక్కలో పోర్టు నంబర్లు కూడా కలిపే స్విచ్ అయితే ఇంకా రంజు: ఫెయిలైన జాబ్ మళ్లీ లేచినప్పుడు కొత్త పోర్టు నంబరు, కొత్త తీగ, జాబ్ పాస్. "రెండోసారికి దానంతటదే సర్దుకుంటుంది" అని రిపోర్టులో రాయండి. బాండ్‌లోని ఒక్కో పోర్టు కౌంటర్‌నూ విడిగా చూస్తే ఒకదాంట్లో ఎర్రర్లు, రెండోదాంట్లో సున్నా కనిపిస్తాయి. మొత్తం బాండ్ లెక్క చూస్తే ఏమీ తెలియదు. మీరు మొత్తమే చూడండి.

10. ర్యాక్ వెనక్కి వెళ్లకండి

వెళ్తే కనిపించేవి ఇవి. క్లిప్పు విరిగిన ఆర్‌జే45 ప్లగ్, జారిపోకుండా పక్కన మడిచి దోపిన విజిటింగ్ కార్డు ముక్క. ర్యాక్ తలుపు వేస్తే కేబుళ్ల కట్ట నొక్కుకుని ఆ ప్లగ్ అర మిల్లీమీటరు కదులుతుంది. చూడ్డానికి తలుపు తీసిన ప్రతి ఇంజనీరుకూ లింకు నిక్షేపంగా కనిపిస్తుంది. తలుపు వేసి వెళ్లిపోతాడు. కొన్ని జబ్బులను కాపాడటానికి మనం వేలు కూడా కదపనక్కర్లేదు.

కేబుల్ కొనేటప్పుడు రాగి పూత పూసిన అల్యూమినియం రకం అడిగి తీసుకోండి. డబ్బా మీద క్యాట్ 6 అనే రాసి ఉంటుంది. ప్రమాణాలు అడిగేది అచ్చమైన రాగిని. ధర మాత్రం దీనిదే ముచ్చటగా ఉంటుంది. ఫైబర్ మూతలు తీసి పారేయండి, కొసలను చొక్కా అంచుతో తుడవండి. సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుతురు నడిచే దారి వెడల్పు 9 మైక్రాన్లు. చొక్కా దుమ్ములో ఒక్క రేణువు చాలు దాన్ని మూయడానికి. ఫైబర్‌ను ప్లాస్టిక్ టై వేసి ముడుచుకుపోయేలా బిగించండి. అందుతున్న వెలుతురు ఎంతో ఎస్‌ఎఫ్‌పీయే కొలిచి చెబుతుంది. అడక్కపోతే చెప్పదు, అడగొద్దు.

ఏసీ విషయం హౌస్‌కీపింగ్‌కు వదిలేయండి. రాత్రి తొమ్మిదికి కరెంటు ఆదా కోసం వాళ్లు ఆపేస్తారు, పొద్దున ఏడుకు వేస్తారు. మామూలు ఎస్‌ఎఫ్‌పీ 70 డిగ్రీల దాకానే ఓర్చుకుంటుంది. అర్ధరాత్రి ఎర్రర్లు, తెల్లవారితే మాయం. దీన్ని సైబర్ దాడిగా అనుమానించి కమిటీ వేయొచ్చు.

11. బ్రిడ్జ్ కాల్‌ను సాగదీయండి

అన్ని టీములూ ఒకే కాల్‌లో ఉండాలి, ఎవరి దగ్గరా కొలిచిన అంకె ఉండకూడదు. అప్పుడు సంభాషణ ఇలా సాగుతుంది.

"సార్, జాబ్ మధ్యలో ఆగిపోతోంది. నెట్‌వర్క్‌లో డ్రాప్స్ ఉన్నాయేమో చూడండి."

"మా వైపు అంతా గ్రీనే అండీ. పింగ్ వస్తోంది. ఓసారి సర్వర్ వాళ్లను చెక్ చేసుకోమనండి."

"ఓఎస్‌లో ఏం లేదు సార్. స్టోరేజీ స్లోగా ఉందేమో."

"డేటా వస్తేనే కదన్నా మేం రాసేది. రావట్లేదు."

"లాగ్స్ పంపించండి సార్, మా బ్యాకెండ్ టీమ్ చూస్తారు. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ చేయమంటారేమో."

తిలా పాపం తలా పిడికెడు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరూ చూడటం లేదు, అంతే. ప్యాకెట్ తీగంతా దాటి సర్వర్ కార్డు దాకా వచ్చి, అక్కడి రిసీవ్ బఫర్ నిండి ఉండటంతో గుమ్మంలో ప్రాణం వదిలే సందర్భాలున్నాయి. లినక్స్‌లో ఈథ్‌టూల్ ఆ లెక్క చూపిస్తుంది. అది తెరిస్తే సర్వర్ టీమ్ ఇరుక్కుంటుంది, కాబట్టి తెరవరు.

రెండు చివర్లా ఒకే సమయంలో టీసీపీడంప్ పెట్టి, ఇక్కడ బయలుదేరిన ప్యాకెట్ అక్కడ చేరిందా లేదా అని చూస్తే వాదన పావుగంటలో ముగుస్తుంది. చేరకపోతే మధ్య స్విచ్ దగ్గర మళ్లీ చూస్తారు, దారి సగానికి సగం తగ్గిపోతూ చివరికి ఒక్క తీగ మిగులుతుంది. ఎవరైనా ఈ ప్రతిపాదన తెస్తే "సెక్యూరిటీ అప్రూవల్ కావాలి" అనండి. ఆ మాటకు ఇంతవరకు ఎదురు లేదు.

12. రీస్టోర్ మాత్రం ప్రయత్నించకండి

బ్యాకప్ ఫెయిలైన మెయిళ్లను ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి పంపేలా రూల్ పెట్టండి. ఈ విద్యలో పెద్ద పెద్దవాళ్లే ఆరితేరారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. బ్యాకప్ తీద్దామని చూస్తే పోస్ట్‌గ్రెస్ వెర్షన్లు కుదరక అది అంతకుముందు నుంచే ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లనేమో మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. చివరికి ఆరు గంటల కిందటి కాపీ ఒకటి దొరికితే, నెమ్మదైన డిస్కుల మీద నుంచి దాన్ని తెచ్చుకోవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. వాళ్లు జరిగిందంతా దాచకుండా రాసి లోకానికి చెప్పారు. మనం ఆ ఒక్క తప్పు చేయొద్దు.

బ్యాకప్ నెమ్మదిగా నడిస్తే తెల్లారేసరికి ఎలాగో అవుతుంది. రీస్టోర్ నెమ్మదిగా నడిస్తే ఆఫీసంతా మీ వెనక నిలబడి స్క్రీన్ చూస్తుంది. ఒక్క శాతం లాస్ అసలు ఖరీదు తెలిసేది ఆ రోజే. మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా జరుపుకుంటారు. మనకు అదే రోజు ఆర్థిక సంవత్సరం ముగింపు కూడా. అకౌంట్స్ వాళ్లు అర్ధరాత్రి దాకా ఉండే రోజు కాబట్టి రీస్టోర్ పరీక్ష వాయిదా వేయడానికి అంతకన్నా మంచి సాకు ఉండదు. ఏటా వాయిదా వేయండి.

ఆఖరి హెచ్చరిక

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎప్పుడో ఒక కుర్రాడు చేరతాడు. రాత్రి ఒంటిగంటకు ఒక్కడే కూర్చుని, అన్ని పోర్టుల కౌంటర్లూ రాసుకుని, పది నిమిషాలాగి మళ్లీ రాసుకుంటాడు. పెరుగుతున్న పోర్టు ఒక్కటే కనిపెడతాడు. ఒక్క కేబుల్ మారుస్తాడు, ఇంకేమీ ముట్టుకోడు, మర్నాటి రాత్రి దాకా ఆగి చూస్తాడు. తీసిన కేబుల్‌ను కత్తెరతో రెండు ముక్కలు చేస్తాడు. ఇలాంటివాణ్ణి మందలిస్తే లాభం లేదు, ఇంకా పట్టుదల పెరుగుతుంది. వెంటనే ప్రమోషన్ ఇచ్చి మేనేజర్‌ను చేసేయండి. రోజుకు ఆరు మీటింగులు, నెలకో ప్రజెంటేషన్. ఇక జన్మలో కౌంటర్ జోలికి రాడు.